రెండోసారి పలకరించు

రాజమహేంద్రవరం,
ఫాల్గుణ మాసం, ఆదివారం.

చిరంజీవి అమ్మలూకి,

పిన్ని ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. మీ అమ్మకి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. పొద్దున్నే పుష్కర ఘాటు దాకా నడిచి వస్తోంది. మీ బాబాయి ఈ ఏడు మామిడి పూత బాగుందని, గాలి దుమారం రాకుండా ఉంటే చాలని రోజుకోసారి ఆకాశం వంక చూస్తున్నారు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "లేవడం, బస్సెక్కడం, కంప్యూటర్ ముందు కూర్చోవడం, మళ్ళీ బస్సెక్కడం, పడుకోవడం. ఇది ఏ వారమో కూడా గుర్తుండటం లేదు పిన్నీ. బాధేమీ లేదు, అలాగని సంతోషమూ లేదు" అన్నావు. నేను ఏదో చెప్పబోయేలోగా నీ భోజనం వేళ అయిపోయింది, పెట్టేశావు. ఉద్యోగమంతా పోస్టాఫీసు కౌంటరు వెనకాల చేసినదాన్ని, నాకు ఫోన్లో కన్నా కాగితం మీదే మాట సాగుతుంది. తీరిగ్గా చదువుకో.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఆఫీసులో ఎవరైనా ఇబ్బంది పెడుతున్నా, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా ఈ ఉత్తరం పక్కన పడేసి ఆ సంగతి నాకు చెప్పు. మర్నాడే బండెక్కి వస్తాను. పూలు చూడు, చందమామను చూడు అనే సలహాలు అలాంటి కష్టాలకు పనికిరావు. నిజంగా కష్టంలో ఉన్న మనిషి ముందు చిన్న చిన్న సంతోషాల గురించి మాట్లాడటం వాళ్ళ బాధను చులకన చేయడమేనని నా అభిప్రాయం. నేను రాసేదల్లా నువ్వు చెప్పిన ఆ మామూలు రోజుల గురించి. ఏ లోటూ లేదు, ఏ రుచీ లేదు. మన బతుకుల్లో ఎక్కువ భాగం అవే. అందుకే వాటిని ఊరికే పోనివ్వడం నాకు ఇష్టం లేదు.

నాకు తోచింది చెబుతాను. హైదరాబాదులో నీకు పరిచయాలు చాలవు. స్నేహితులు లేరని అనడం లేదు, గదిలో ఇద్దరున్నారు, ఆఫీసులో నలుగురున్నారు. నేననేది నువ్వు రోజూ నడిచే సందుతో, ఎక్కే బస్సుతో, దారిలో ఉన్న చెట్టుతో, టిఫిన్ బండి ఆయనతో పరిచయం. రాజమండ్రిలో ఇంట్లోంచి కాలు బయట పెడితే కోటగుమ్మం దాకా నీకు తెలియనిది లేదు. ఏ గుడి గంట ఎప్పుడు మోగుతుందో తెలుసు. రోజ్ మిల్క్ కొట్టు దగ్గర ఏ వేళకు జనం తక్కువో తెలుసు. కూరలమ్మి కోడలికి నెలలు నిండాయని తెలుసు. కాబట్టి ఆ కూరలమ్మి ఒకరోజు మిఠాయి పొట్లంతో ఎదురొస్తే, ఆవిడ నోరు విప్పకముందే నీకు సంగతి అర్థమై ముఖం వెలిగేది. హైదరాబాదులో నీకు ఎదురొచ్చేవాళ్ళ చేతుల్లోనూ మిఠాయి పొట్లాలు ఉంటాయి. వాటి వెనక కథ నీకు తెలియదు, అంతే.

నా ఉద్యోగం బయటివాళ్ళకు మహా విసుగుగా కనిపించేది. పొద్దున్నే సంచి విప్పడం, లెక్క సరిచూడటం, స్టాంపులు అమ్మడం, రిజిస్టరు ఉత్తరాలు తూచి రసీదు ఇవ్వడం, ఆర్‌డీ పాసుపుస్తకాల్లో జమలు వేయడం, సాయంత్రం నగదు సరిపెట్టడం. రూపాయి తేడా వచ్చినా అది దొరికేదాకా ఇంటికి వెళ్ళేది లేదు. ఏడాది పొడుగునా ఇదే. అయినా నేను విసుగు లేకుండా చేశానంటే కౌంటరు అవతల నిలబడ్డవాళ్ళ పుణ్యమే.

స్టాంపులు పోగుచేసే పిల్లవాడొకడు వచ్చేవాడు, హైస్కూలు చదువు. కొత్త స్టాంపు విడుదలైనప్పుడల్లా కవరు మీద తన చిరునామా తనే రాసుకుని, స్టాంపు అంటించి తెచ్చేవాడు. "మేడమ్, ముద్ర బొమ్మ మీద పడకుండా మూలకి వేస్తారా?" అని అడిగేవాడు. స్టాంపులు పోగుచేసేవాళ్ళకి బొమ్మ చెడకూడదు, కాని ఊరి పేరూ తేదీ చదవడానికి వీలుగా ఉండాలి. మా తేదీ ముద్రకి కర్ర పిడి, కింద లోహపు బిళ్ళ ఉండేవి. దాన్ని సిరా మెత్త మీద ఒత్తి కాగితం మీద ఒక్క దెబ్బ వేయాలి. దబదబా వందల ఉత్తరాలు కొట్టుకుపోయే చెయ్యి ఆ ఒక్క కవరు దగ్గర నెమ్మదించేది. ముందు చిత్తు కాగితం మీద ఒకసారి కొట్టి అంకెలు సరిగా పడుతున్నాయో లేదో చూసుకునేదాన్ని. తర్వాత పిడిని కాస్త వాల్చి, బిళ్ళ అంచు స్టాంపు మూలకు మాత్రమే తగిలి తక్కినదంతా ఖాళీ కవరు మీద పడేట్టు వేసేదాన్ని. వాడు చువ్వల్లోంచి మెడ చాచి చూస్తూ ఊపిరి బిగబట్టేవాడు. ముద్ర చక్కగా పడితే ఇద్దరం ఒకేసారి నవ్వేవాళ్ళం. మొత్తం అర నిమిషం పని. దాని హాయి మాత్రం సాయంత్రం నగదు లెక్క దాకా నాతోనే ఉండేది.

మనియార్డరు ఫారం కింద చిన్న ముక్క ఉండేది, కూపను అనేవాళ్ళం. డబ్బు పంపేవాళ్ళు దాని మీద నాలుగు మాటలు రాసుకునేవారు. బట్వాడా అయ్యాక ఆ ముక్క డబ్బు అందుకున్నవాళ్ళకే దక్కేది. మన వైపు ఇటుక బట్టీల్లోకి, ఇళ్ళ కట్టుబడి పనుల్లోకి ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్ళు నెలనెలా ఇంటికి డబ్బు పంపుకునేవారు. రాయడం రానివాళ్ళకు నేనే ఫారం నింపేదాన్ని. పేరు, ఊరు, మొత్తం రాశాక, "కూపను మీద ఏం రాయమంటారు?" అని అడిగేదాన్ని. అడిగి తీరాలన్న రూలేమీ లేదు. "ఏముందమ్మా, క్షేమమని రాయండి" అనేవారు సిగ్గుపడుతూ. నేను కలం ఆపి అలాగే చూస్తే అప్పుడు అసలు మాట వచ్చేది. ఒకాయన అలాగే కాసేపు తటపటాయించి, "గేదె ఈనిందా అని రాయండి" అన్నాడు. వెనక వరుసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. రాశాను.

పై నెల ఆయన మళ్ళీ వచ్చాడు. ఫారం అందుకుంటూ "గేదె ఈనిందాండీ?" అని అడిగాను. ఆయన ముఖం చూడాలి అమ్మలూ! "ఈనిందమ్మా, పెయ్యదూడ!" అన్నాడు. చెయ్యి నేలకి ఇంత ఎత్తున పెట్టి మరీ చూపించాడు. ఆ గేదెను నేను ఎన్నడూ చూడలేదు, ఆ ఊరి పేరు కూడా ఫారం మీద చూసిందే. అయినా ఆ పూటంతా ఆఫీసులో కనపడిన ప్రతి ఒక్కరికీ పెయ్యదూడట అని చెప్పాను. ఆ సంతోషం నాకు ఎలా వచ్చింది? ముందు నెల ఒక మాట అడిగి, దాన్ని గుర్తుపెట్టుకుని, రెండోసారి అడిగినందుకు వచ్చింది. నేను నీకు చెప్పదలుచుకున్నదంతా ఇదే. మొదటిసారి అడిగేది మర్యాద కోసం, ఎవరైనా అడుగుతారు. రెండోసారి అడిగినప్పుడు ఎదుటి మనిషి మనవాడవుతాడు.

పెద్ద వార్తలకు టెలిగ్రాం ఉండేది. పుట్టుకో, చావో, ఉద్యోగమో. 2013 జూలైలో అది ఆగిపోయింది. మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చింది. దాని మీద ఎవరూ అంత పెద్ద సంగతులు రాయలేదు. బెండ మొక్కలు కాపుకొచ్చాయి, పక్కింటి ముసలమ్మ అడిగినట్టు చెప్పమంది, చిన్నాడికి పన్ను ఊడింది. ఇళ్ళూ మనుషులూ విడిపోకుండా కాపాడింది ఆ కార్డులేనని సార్టింగు బల్ల ముందు కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు.

ఇవన్నీ పాతకాలం కబుర్లని కొట్టిపారేయకు. చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ 2014లో ఒక అధ్యయనం అచ్చు వేశారు. లోకల్ రైళ్ళలో రోజూ పనికి వెళ్ళేవాళ్ళలో కొందరిని పక్క సీటులోని కొత్త మనిషితో మాట కలపమన్నారు. కొందరిని ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోమన్నారు. మిగిలినవాళ్ళను రోజూ వెళ్ళినట్టే వెళ్ళమన్నారు. మాట కలిపితే ప్రయాణం పాడైపోతుందని జనం ముందే ఊహించుకున్నారు. తీరా చూస్తే మాట్లాడినవాళ్ళకే ప్రయాణం హాయిగా గడిచింది. అడిగితే ఏమనుకుంటారో అన్న జంకు ఒక్క మనకే ఉందనుకుంటాం, చికాగోలో కూడా ఉంది. అయితే ఒంటరిగా తిరిగే ఆడపిల్లవి, బస్సులో కనపడ్డ ప్రతివాళ్ళతో మాట్లాడమని నేను చచ్చినా చెప్పను. నీ మనసు వద్దంటే వద్దు. తెలిసిన చోట, నలుగురున్న చోట, ముందు ఆడవాళ్ళతో మొదలుపెట్టు.

కండక్టరమ్మతో మొదలుపెట్టు. నీ ఆధార్‌లో ఇంకా రాజమండ్రి చిరునామాయే కాబట్టి తెలంగాణ ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ నీకు రాదు, కొనాల్సిందే. సరిపడా చిల్లర ముందే తీసి చేతిలో పెట్టుకో. పొద్దున్నే అయిదొందల నోటు కనపడితే వాళ్ళకు ఎంత తలనొప్పో, కౌంటరులో కూర్చున్నదాన్ని కనక నాకు తెలుసు. సరిగ్గా చిల్లర చేతిలో పెట్టినవాళ్ళను వాళ్ళూ మర్చిపోరు, మేమూ మర్చిపోయేవాళ్ళం కాదు. వారం తిరిగేసరికి నువ్వు ఎక్కగానే ఏ స్టాపో అడక్కుండా టికెట్ కొట్టి ఇస్తుంది. అంత పెద్ద నగరంలో నీ దిగే చోటు ఒక మనిషికి తెలుసన్నమాట.

మీ హాస్టల్లో ఊడ్చే ఆవిడ కూతురు ఈ ఏడు పదో తరగతని నువ్వే చెప్పావు. పరీక్షలు ఈ నెలలోనే కదా. ఆ పిల్లకు ఏ సబ్జెక్టంటే భయమో కనుక్కో. లెక్కలంటే, లెక్కల పరీక్ష అయిన మర్నాడు పొద్దున ఆవిడ చీపురు పట్టుకుని మీ గది ముందుకు రాగానే "ఎలా రాసిందట?" అని అడుగు. ఆ ఇంట్లో వాళ్ళు కాక ఆ పరీక్ష తేదీ గుర్తుపెట్టుకున్నది నువ్వొక్కదానివే అయ్యుంటావు. ఆవిడ ఏం చెబుతుందో నాకు ఫోన్ చేసి చెప్పు, నాకూ తెలుసుకోవాలనుంది.

సందు మొదట్లో దోసెల బండి ఉందన్నావుగా. పార్సిల్ కట్టించుకుని పరుగెత్తకుండా వారానికోసారైనా అక్కడ నిలబడి తిను. తినేముందు ఆ చేతులు చూడు. నీళ్ళు చిలకరిస్తే పెనం చుయ్యిమంటుంది, ఆ చప్పుడును బట్టే కాక సరిపోయిందో లేదో ఆయన పోల్చుకుంటాడు. ఉల్లిపాయ సగం చెక్కను నూనెలో ముంచి పెనమంతా రుద్దుతాడు. గరిటెడు పిండి నడిమధ్యన పోసి, అదే గరిటె అడుగుతో చుట్లు తిప్పుకుంటూ బయటికి వస్తాడు. చివరి చుట్టు దగ్గర చెయ్యి తేలికైపోతుంది, గమనించు. అక్కడ బరువు వేస్తే అంచు మందమై మెత్తబడుతుంది. ఆ తేలిక చెయ్యి పట్టుబడటానికి ఎన్నాళ్ళు పట్టిందో అడుగు. తన పని గురించి అడిగితే చెప్పనివాళ్ళను నేనింతవరకు చూడలేదు.

ఇక మనుషులతో మాట్లాడే ఓపిక లేని రోజులుంటాయి, నాకూ ఉండేవి. అలాంటి రోజు చెట్టు చాలు. కూకట్‌పల్లి కాలనీల్లో చెట్లెక్కడివి పిన్నీ అంటావేమో. రోడ్డు పక్కన కానుగ తప్పకుండా ఉంటుంది. దాని ఆకులు రాలి కొత్త చిగురు వచ్చే కాలం ఇదే. లేతాకు ఎండకి మెరుస్తుంది, నూనె రాసినట్టు ఉంటుంది. ఇంకొన్నాళ్ళకు పూత వచ్చి చెట్టు కింద తెలుపూ గులాబీ కలిసిన చిన్న పూలు రాలతాయి. ఎండలు ముదిరాక రేల చెట్టు పసుపుపచ్చగా వేలాడే గుత్తులతో నిండిపోతుంది. వానలు వెనకబట్టాక ఆకాశమల్లి పూస్తుంది. అది రాత్రిపూట విచ్చుకునే పువ్వు, పొడుగాటి తెల్లటి కాడలు తెల్లారేసరికి నేలంతా పరుచుకుని ఉంటాయి. నువ్వు ఆఫీసుకు వెళ్ళే వేళకి ఊడ్చేస్తారు, కాబట్టి ఆ రోజుల్లో ఒక పావుగంట ముందు బయల్దేరాలి. ఒక్క చెట్టును ఎంచుకో. వారం వారం ఆ ఒక్కదాన్నే చూడు. పదిరకాల చెట్లను ఒక్కొక్కసారి చూడటం కన్నా ఇదే మేలు. చిగురు ఎప్పుడు ముదిరిందో, మొగ్గ ఎప్పుడు కట్టిందో తెలిసినవాళ్ళకే పువ్వు పూసినరోజు పండగ.

ఎండ వేళ ఎక్కడినుంచో టుక్ టుక్ టుక్ అని ఆగకుండా ఒకే తాళంలో కొడుతున్న చప్పుడు వినపడితే, ఏదో షాపులో రేకు కొడుతున్నారనుకోకు. అది కంసాలి పిట్ట. పిచ్చుకంత ఉంటుంది, ఆకుపచ్చ ఒళ్ళు, నుదుటి మీద ఎర్రటి బొట్టు, గొంతు దగ్గర పసుపు. ఎండుకొమ్మకు చిల్లి తొలిచి గూడు చేసుకుంటుంది. కోయిల కూడా ఇప్పుడే గొంతు సవరించుకుంటుంది. మనం కూ కూ అని వెక్కిరిస్తే రెచ్చిపోయి అరిచేది మగది, నల్లగా ఉంటుంది. ఆడది గోధుమరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలతో ఉంటుంది, దాని అరుపు వేరు. చాలామంది దాన్ని చూసి కూడా కోయిలని గుర్తుపట్టరు. నువ్వు ఇకనుంచి పడతావు.

వాన గురించి కూడా రెండు మాటలు. మీ ఆఫీసులో కిటికీలు తెరుచుకోవన్నావు. వేసవిలో తొలి జల్లు పడేటప్పుడు లిఫ్టు దిగి అయిదు నిమిషాలు కిందికి రా. ఆ మట్టివాసనకు మూలం నేలలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థమట. ఎంత కొంచెం ఉన్నా మనిషి ముక్కు దాన్ని పసిగడుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఆ వాసనతో అత్తరు కూడా తీస్తారు. కాల్చిన మట్టిని రాగి పాత్రల్లో నీళ్ళతో మరిగించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి పట్టిస్తారు. జనం డబ్బు పెట్టి సీసాల్లో కొనుక్కునే ఆ వాసన మీ ఆఫీసు గుమ్మంలో ఊరికే దొరుకుతుంది. దానికోసం మీటింగుకు అయిదు నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదనే నేనంటాను.

రాత్రి హాస్టల్ మేడ ఎక్కడం నేర్చుకో. గదిలో ఫోను చూస్తూ పడుకునే బదులు రెండు నిమిషాలు. పున్నమినాడు పడమట సూర్యుడు దిగుతుంటే తూర్పున చంద్రుడు లేస్తాడు. అక్కణ్ణుంచి రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. ఇది తెలిస్తే పాడ్యమినాడు ఎప్పుడు ఎక్కాలో, విదియనాడు ఎప్పుడు ఎక్కాలో నీకే లెక్క దొరుకుతుంది. అమావాస్య వెళ్ళిన విదియనాడు పొద్దు గుంకగానే పడమట సన్నటి నెలవంక చూడు. వెలిగే అంచు ఒక్కటే కాకుండా తక్కిన గుండ్రమంతా మసకగా కనపడుతుంది. మన భూమి మీద పడ్డ ఎండ అక్కడిదాకా వెళ్ళి కనపడే వెలుగు అది.

ఇంకొకటి, ఇది మాత్రం ఇప్పుడే నీ ఫోన్‌లో గుర్తు పెట్టుకో. మే 9 ప్రాంతంలో హైదరాబాదులో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నీళ్ళ సీసా నిటారుగా నిలబెడితే నీడ పక్కకు పడదు, దాని అడుగునే ఇమిడిపోతుంది. నువ్వు నిలబడినా అంతే. మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో 12 గంటల 22 నిమిషాలకు ఇదే జరుగుతుంది. కర్కట రేఖకూ మకర రేఖకూ మధ్య ఉన్న ఊళ్ళకే ఏడాదికి రెండుసార్లు ఈ యోగం, ఢిల్లీవాళ్ళకు లేదు. మీ ఆఫీసు పిల్లల్ని నలుగురినీ కిందికి తీసుకుపో. మే నెలలో మబ్బు పట్టి తప్పిపోతే ఆగస్టులో చూడు.

పొద్దున్నే లేవగానే ఆఫీసు మెయిల్ చూడటం మానేయమంటే వింటావో లేదో తెలియదు. ఆ పది నిమిషాలు రేడియో పెట్టుకో. న్యూస్ ఆన్ ఎయిర్ అనే ఆప్‌లో ఆకాశవాణి విజయవాడ కేంద్రం వస్తుంది. 1948 డిసెంబరు 1న మొదలైన కేంద్రం అది, భక్తిరంజని వింటూ పెరిగిన ఇళ్ళు మనవి. ప్రసారం మొదలయ్యే ముందు వినిపించే ఆ తంబురా, వయొలిన్ బాణీని 1930లలో కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్. నాజీల కాలంలో యూరప్ వదిలి బొంబాయి చేరిన యూదు సంగీతకారుడాయన. పరాయి దేశంలో తలదాచుకున్న మనిషి కట్టిన రాగంతో మన పొద్దులు మొదలయ్యాయి. కొత్త ఊళ్ళో బిక్కుబిక్కుమంటున్న నీకు ఈ సంగతి చెప్పాలనిపించింది.

మీ ఆఫీసులో ఎవరో రోజూ రాత్రి మూడు మంచి సంగతులు పుస్తకంలో రాసుకోమన్నారని చెప్పావు. కుదిరితే రాసుకో, తప్పేమీ లేదు. నాకు మాత్రం అది హోంవర్కు అయిపోతుందేమోనని భయం. పుస్తకం నింపడం కోసం సంతోషాలు ఏరుకోవడం మొదలుపెడితే కళ్ళు మనుషుల మీద నుంచి పుస్తకం మీదికి పోతాయి. ఏదైనా రాసుకోవాలనుకుంటే, రేపు ఎవర్ని ఏం అడగాలో రాసుకో. దోసెల బండి ఆయన తమ్ముడి పెళ్ళి ఎప్పుడు, వాచ్‌మన్ తాతకి కంటి ఆపరేషన్ అయిందా, కానుగ పూత వచ్చిందా. అలాంటి కాగితం ఒకటి నా టేబుల్ సొరుగులో ఎప్పుడూ ఉండేది.

మనకు వచ్చే సంతోషాల గురించే ఇంతసేపూ రాశాను. నీవల్ల ఇంకొకరి రోజు బాగుపడటం కూడా ఇందులోదే, కాని దాని గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు పోస్ట్‌మాన్ ఎండలో వస్తే ఎవరూ చెప్పకుండా మంచినీళ్ళు తెచ్చిచ్చిన పిల్లవి. ఆ గుణం ఊరు మారితే పోదు, మొహమాటం వల్ల కాస్త అణిగి ఉంటుంది. మొహమాటం పక్కన పెట్టు.

మే చివర్లో నాలుగు రోజులు సెలవు పెట్టి రా. అప్పటికి బంగినపల్లి, చెరకు రసం మామిడిపళ్ళు వచ్చేస్తాయి, మీ బాబాయి ఇప్పటినుంచే నీ పేరు చెప్పి బుట్టలు లెక్కపెడుతున్నారు. వచ్చేటప్పుడు తెల్లవారుజామున కొవ్వూరు దాటగానే లేచి కిటికీ దగ్గర కూర్చో. ఆర్చి బ్రిడ్జి మీద నుంచి వచ్చినా, 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీద నుంచి వచ్చినా చక్రాల చప్పుడు మారిపోతుంది. బోగీలో ఒక్కొక్కరే లేచి కిటికీల దగ్గరికి చేరతారు, ఎవరో ఒకరు నదిలోకి రూపాయి బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకుంటారు. పక్కనే 1900 నుంచి 1997 దాకా రైళ్ళను మోసిన హేవ్‌లాక్ వంతెన ఉంటుంది, చూడు. నిద్రపోయి దాన్ని పోగొట్టుకోకు.

రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. వేసవి సెలవుల రద్దీలో గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి గంటల్లో వెయిటింగ్ లిస్టు పడిపోతుంది. తేదీ ఖాయం చేసుకుని, తెరిచిన రోజు పొద్దున ఎనిమిదింటికే టికెట్ తీసేయి.

ఆశీస్సులతో,
మీ పిన్ని